వర్షాలు, మోకాళ్లు, నేను

మా చర్చిలో ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు అయ్యగారు ప్రార్థనావసరతల చీటీలు చదువుతారు. ఎవరికి ఏ కష్టం ఉన్నా చిన్న కాగితం మీద రాసి కానుకల పెట్టె పక్కన పెడితే చాలు, సంఘమంతా లేచి నిలబడి వాళ్ల కోసం ప్రార్థన చేస్తుంది. మొన్న ఎండాకాలంలో ఆ జాబితా ఇలా ఉండేది. ఒకటి, వర్షాలు. రెండు, ముందు వరసలో కూర్చునే ఒక అవ్వ మోకాళ్లు. మూడు, నేను.

నా పేరు చదివేవారు కాదు. మర్యాద. "స్థిరమైన ఉద్యోగమును విడిచిపెట్టిన ఒక యౌవనస్థుని మనసు మారునట్లు" అని మాత్రం చదివేవారు. వెంటనే చర్చిలో ఉన్న తలలన్నీ ఫ్యాన్ల మాదిరి నా వైపు తిరిగేవి. ఫ్యాన్లు మాత్రం తిరిగేవి కావు, ఆ వేళకి కరెంటు ఉండేది కాదు.

చీటీ రాసేది మా అమ్మ. తన చేతిరాత ఎవరూ గుర్తుపట్టకుండా వంకరటింకరగా రాసేది. మా ఊళ్లో స్థిరమైన ఉద్యోగం విడిచిపెట్టిన యౌవనస్థుడు నేనొక్కడినే కాబట్టి ఆ జాగ్రత్త పెద్దగా ఫలించలేదు.

"వర్షాలకన్నా ముందు పెట్టలేదు నన్ను, సంతోషం," అన్నాను ఒకసారి చర్చి నుంచి ఇంటికొస్తూ.

"నోరు మూసుకోని నడువు. వర్షాలు ఎప్పుడో ఒకప్పుడు పడతాయి," అంది అమ్మ.

ఆ ఉద్యోగం ఆత్మకూరులో. ప్రభుత్వ కార్యాలయం, రెగ్యులర్ పోస్టు, పరీక్ష రాసి తెచ్చుకున్నది. మా ఉదయగిరి పక్క మెట్ట పల్లెల్లో ఈ మూడూ ఒకే మనిషికి దక్కితే అతనిలో ఇంకే మంచి గుణమూ ఉండాల్సిన పని లేదు. రిజల్టు వచ్చిన రోజు మా నాయన నవ్వాడు. బడిపంతులుగా రిటైరైన మనిషి. సర్వీసంతా ఏ పిల్లవాడి మార్కులు చూసీ నవ్వినట్టు దాఖలా లేదు. ఆ నవ్వు చూసి అమ్మ భయపడింది.

పని కూడా చెడ్డదేమీ కాదు. కాగితాలు వస్తాయి, వాటికి నంబరు వేస్తాను. కాగితాలు పోతాయి, వాటికీ నంబరు వేస్తాను. మధ్యలో టీ. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, తిట్టలేదు, వేధించలేదు. మానేశాక ఊళ్లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న "ఎవరేమన్నార్రా నిన్ను?" అని. ఎవరైనా ఏదైనా అని ఉంటే ఎంత బాగుండేదో. చెప్పుకోవడానికి ఒక కథ ఉండేది.

జరిగింది ఇంతే. మా సెక్షన్లో ఒక పెద్దమనిషి రిటైరయ్యాడు. శాలువా కప్పారు, దండ వేశారు, గోడ గడియారం బహూకరించారు. ముప్పై ఏడేళ్లు గోడ గడియారం కేసి చూస్తూ కూర్చున్న మనిషికి ఇంకో గోడ గడియారం. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసి, "నీకింకా ముప్పై నాలుగేళ్ల సర్వీసుండాది. అదృష్టవంతుడివి అబ్బయ్యా," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, మిక్చరు తిన్నాను, తర్వాతి వారం రాజీనామా రాసిచ్చాను.

మా ఆఫీసరు మంచివాడు. కాగితం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "మూడు నెలల నోటీసు ఉండాది. ఈలోగా మనసు మారితే, వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క కాగితం రాసియ్యి. ఏమీ జరగనట్టే," అన్నాడు. ఉన్న సెలవులన్నీ ఆ మూడు నెలలకు పెట్టించి పంపించాడు. తోటివాళ్లు చందాలేసుకుని ఉదయగిరి చెక్క గరిటెల సెట్టు కానుకగా ఇచ్చారు. ఉదయగిరివాడికి ఉదయగిరి గరిటెలు, ఆత్మకూరులో కొని.

నాయన తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, లుంగీ తీసేసి ప్యాంటు వేసుకుని, ఇంట్లోనే బల్ల ముందు కూర్చుని ఒక కాగితం రాశాడు. నేను రాజీనామాను ఉపసంహరించుకుంటున్నట్టు, నా తరఫున, తన ముత్యాల్లాంటి అక్షరాలతో. సంతకం చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టాడు, నేను ఎక్కడో పెట్టేస్తానేమోనని. దాన్ని మడిచి గోడ మీది క్యాలెండరు వెనక దోపాడు. గడువు ముగిసే బుధవారానికి ఎర్ర సిరాతో సున్న చుట్టాడు. నెల మారి క్యాలెండరు కాగితం తిప్పినప్పుడల్లా ఆ ఉత్తరం టపీమని కింద పడేది. నాయన తీసి, దులిపి, మళ్లీ అక్కడే దోపేవాడు. నన్ను చూసేవాడు కాదు. నేనూ చూసేవాణ్ణి కాదు. మా ఇంట్లో గొడవలు ఇలాగే జరుగుతాయి, ఇరుగుపొరుగుకు ఏ ఉపయోగమూ లేకుండా.

ఊళ్లో ఎవరైనా అడిగితే నాయన "లీవులో ఉండాడు" అనేవాడు. వారం వారం చర్చిలో చీటీ చదువుతున్నా సరే, నాయన ప్రకారం నేను లీవులో ఉన్నాను.

నేను ముప్పై గొర్రెలు కొన్నాను. గొర్రెలే ఎందుకంటే దానికీ నా దగ్గర గొప్ప జవాబు లేదు. చిన్నప్పుడు సెలవుల్లో తాత మంద వెంట తిరిగేవాణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చి, పెట్టింది పెట్టినట్టు తిని, గోడకు ఆనుకునే నిద్రపోయేవాణ్ణి. ఆ తర్వాత చదివిన చదువుల్లో గానీ, చేసిన కొలువులో గానీ అంత ఆకలి మళ్లీ వేయలేదు. ఈ మాట ఇంట్లో చెబితే అమ్మ నులిపురుగుల మందు వేయించడానికి డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది. చెప్పలేదు.

కొండ కింద బీళ్లల్లో చిన్నప్పటి నుంచి మంద మేపుతున్న పెద్దాయన ఒకడున్నాడు. నాకు పని నేర్పింది ఆయనే. నన్ను "ఆఫీసరూ" అని పిలిచేవాడు. మొదటి రోజు నేను వెనక నిలబడి గొర్రెలను తోలుతుంటే నాలుగు దిక్కులా పోయాయి. ఆయన గట్టు మీద కూర్చుని చూశాడు, బీడీ అయ్యేదాకా.

"ఆఫీసరూ, యాడికి పంపిస్తా ఉండావు వాటిని? ట్రాన్స్‌ఫరా?"

"చెప్పరాదా ఎట్టా తోలాల్నో."

"కొత్త మంద, నీ గొంతు తెలవదు. రెండు రోజులు ముందర నువ్వు నడువు. అరుస్తా నడువు. నీ ఎనకాల ఎవురన్నా వస్తే గదా ఎవురినన్నా తోలేది."

అలా రెండు నెలలు నడిచాను. కాళ్లకు ముళ్లు, మొహానికి నలుపు. మా పక్క రైతులు కోత అయిపోయిన చేలో ఎరువు కోసం మంద కట్టించుకుంటారు. కొన్ని రోజులు గొర్రెలు ఆ చేలోనే పడుకుంటాయి, పెంట వేస్తాయి, అందుకు బదులు రైతు గింజలు ఇస్తాడు. ముప్పై గొర్రెలను ఎవరూ పిలవరు కాబట్టి పెద్దాయన నన్ను తన మందలో కలుపుకున్నాడు. నా వాటాకు సజ్జలు వచ్చాయి. అమ్మ వాటిని పిండి చేసి, ఆఫీసువాళ్లు ఇచ్చిన గరిటెతోనే సంగటి కలియబెట్టింది. నాయన ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద అడిగాడు. అది ఆమోదం అనుకోనక్కర్లేదు, ఆకలి.

వానాకాలం దగ్గర పడుతుండగా పెద్దాయన ఒక మాట చెప్పాడు.

"వాన పడకముందే టీకా ఏపించు. చిటుక రోగమని ఒకటుండాది. ఎండిన కడుపుకి కొత్త పచ్చిక దొరికితే వస్తాది. బక్కదాన్ని కాదు, బాగా బలిసినదాన్ని పట్టుకుపోతాది. చిటికేసినంతలో."

"సరే పెద్దాయనా."

"సరే అంటే ఏపిస్తావా, రాసుకుంటావా?"

"రాసుకుంటా."

"అదే నా బయం."

రాసుకున్నాను. నా దగ్గర గొర్రెల కోసం ఒక నోటుబుక్కు ఉండేది. వరస నంబరు, అంశం, రిమార్కులు. అంశం: టీకా. రిమార్కులు: వచ్చే వారం. రాసి, కింద గీత గీసి, పుస్తకం మూశాను. ఒక కాగితానికి నంబరు వేసినప్పుడు కలిగే తృప్తి ఉంటుంది చూడండి, పని అయిపోయినట్టే అనిపిస్తుంది. అదే తృప్తి. మరుసటి వారం ఆ మాటను ఇంకో వారానికి జరిపాను. ఆఫీసును ఆత్మకూరులో వదిలేశాననుకున్నాను. నోటుబుక్కులో పెట్టుకుని వెంట తెచ్చుకున్నానని అప్పటికి తెలియదు.

వాన పడింది. చర్చిలో మొదటి అంశం తీరిపోయింది, నేను రెండో స్థానానికి వచ్చాను. అవ్వకు నెల్లూరులో ఒక మోకాలికి ఆపరేషన్ అయి, కర్ర పట్టుకుని తనే నడిచి చర్చికొచ్చింది. నేను మొదటి స్థానానికి వచ్చాను. జీవితంలో ఏ పరీక్షలోనూ ఫస్టు రానివాణ్ణి.

వాన పడిన పది రోజులకు బీళ్లన్నీ లేత పచ్చిక. ఎండాకాలమంతా కంపచెట్ల కాయలు, ఎండుగడ్డి పరకలు ఏరుకు తిన్న గొర్రెలు. బయటకు వదిలేముందు కాస్త ఎండుమేత పెట్టాలి, పచ్చికలో కాసేపే మేపి తోలుకు రావాలి. ఇదీ పెద్దాయన చెప్పిందే. ఆ రోజు ఆయన వేరే దిక్కు పోయాడు. నేను గొర్రెల్ని చూసి, పాపం తిననీలే అనుకున్నాను. పచ్చిక, గొర్రెలు, వెనక కోట కొండ మీద మబ్బు. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాను. ఆత్మకూరు ఫ్యాన్ల కింద కూర్చున్నవాళ్లు చూడాలని పెట్టాను, అబద్ధం ఎందుకు.

మర్నాడు పొద్దున మొదటిది నేను చూస్తుండగానే పోయింది. మేస్తున్నది మేస్తున్నట్టే ఒక్క ఎగురు ఎగిరింది, పక్కకు పడింది, కాళ్లు కొట్టుకుంది. నేను చేరేలోపల అయిపోయింది. నోట్లో పచ్చిక ఇంకా ఉంది. మధ్యాహ్నానికి ఏడు. పెద్దాయన చెప్పినట్టే, ఏడూ మంచివే. మందకు ముందు నడిచే గొర్రె కూడా అందులో ఉంది. నా గొంతు మొదట గుర్తుపట్టింది అదే.

పెద్దాయన వచ్చి చూశాడు. "చెప్పినా కదా" అనలేదు. అని ఉంటే ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి. పార తెచ్చి నాతో పాటు గుంట తవ్వాడు. సున్నం చల్లి పూడ్చాలి, లేకపోతే కుక్కలు లాగుతాయి. తవ్వుతుండగా ఫోను మోగింది. ఆత్మకూరు నుంచి, నా పక్క సీటు మిత్రుడు.

"ఏంది అబ్బా స్టేటస్సు. రాజా మాదిరుండావే. మాకు యాడ రాసిపెట్టుండాది ఆ బతుకు?"

"అవునబ్బా," అన్నాను. "ఇప్పుడే తీరిగ్గా ఉండా." పెట్టేసి తవ్వాను.

గుంట పూడ్చాక గట్టు మీద కూలబడ్డాను. పెద్దాయన పార భుజానేసుకుని, "సచ్చినయ్యి సచ్చినాయి. ఉండేటియ్యి అరస్తా ఉండాయి, ఇనపళ్లేదా? వాటిని పచ్చికలోకి వదలబాక. చొప్ప తెచ్చి ఎయ్యి. పొయ్యి పశువుల డాక్టర్ని పిల్చకరా, ఇప్పుడే. రాసుకోబాక," అన్నాడు.

ఆ సాయంత్రం లోపల ఇరవై మూడింటికీ టీకా వేయించాను. అది పట్టుకోవడానికి రెండు వారాలు పడుతుందని, అందాకా దేవుడిదే భారమని డాక్టరు చెప్పాడు. అందరూ చివరికి మా చర్చి దారే చూపిస్తారు.

ఆ వారమంతా నాకు ఉద్యోగం గుర్తుకొచ్చింది. ఇది దాచుకోవాల్సిన సంగతి ఏమీ కాదు. పదకొండింటి టీ గుర్తుకొచ్చింది. ఒకటో తారీకున టింగుమనే ఫోను గుర్తుకొచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా, నేను ఒక పని చేయడం మరిచిపోతే ఎవరూ చావని చోటు గుర్తుకొచ్చింది. ఒక కాగితానికి నంబరు వేయడం వారం ఆలస్యమైతే కాగితం కాళ్లు కొట్టుకోదు.

శనివారం సాయంత్రం నాయన క్యాలెండరు వెనక నుంచి ఉత్తరం తీశాడు. పెన్ను మూత తీసి మరీ నా ముందు పెట్టాడు.

"ఎందుకు వదిలేసినావని నేను అడగలా. అడిగినానా?"

"లేదు నాయనా."

"ఇప్పుడూ అడగను. ఏడు పోయినాయి. అన్నీ పోయిందాకా ఉంటావా? సంతకం పెట్టు. బుధవారం నాడు ఫస్టు బస్సుకి నేనే ఇచ్చొస్తా. నువ్వు ఆడికి రానక్కర్లా, మొహం చూపించనక్కర్లా."

 మూడు నెలలు నాతో మాట్లాడని మనిషి, నా సిగ్గును తన చొక్కా జేబులో పెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కడానికి సిద్ధంగా ఉన్నాడు. పెన్ను పట్టుకున్నాను. పెన్సిలు గుర్తు ఎక్కడుందో చూశాను. మూడుసార్లు కిందపడి మడతలు నలిగిపోయాయి గానీ గుర్తు స్పష్టంగానే ఉంది.

"రేపు చర్చి అయినాక చెప్తా," అన్నాను. వాయిదా వేయడంలో నాకు సర్వీసు ఉంది కదా.

ఆదివారం అయ్యగారు చీటీలు తీశారు. మొదటిదే నాది. "స్థిరమైన ఉద్యోగమును విడిచిపెట్టి నష్టపోయిన యౌవనస్థుని మనసు మారునట్లు" అని చదివారు. "నష్టపోయిన" అనేది ఆ వారం కొత్తగా చేర్చిన మాట. తలలు తిరిగాయి. ఈసారి ఆ చూపుల్లో ఒక తృప్తి ఉంది. కథకు ముగింపు దొరికిన తృప్తి. ఉద్యోగం వదిలాడు, గొర్రెలు చచ్చాయి. మొదటిదానికి రెండోది శిక్ష. చక్కగా అతికింది.

అప్పటిదాకా నేనేం చేస్తానో నాకూ తెలియదు. లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, చీటీలో చిన్న సవరణ."

ప్రార్థన చీటీకి సవరణ అడిగినవాడు మా సంఘ చరిత్రలో లేడు. అయ్యగారు కళ్లజోడు పైనుంచి చూశారు. అమ్మ నా చొక్కా అంచు పట్టి కిందికి లాగింది.

"ఏడు గొర్రెలు నా బద్ధకం వల్ల పోయినాయి. టీకా ఏపించమని ముందే చెప్పినారు, ఏపించలా. ఆ తప్పు నాది, దానికి మీరు ఎంత తిట్టినా పడతా. ఉద్యోగం వదలడం మాత్రం ఆ తప్పు కాదు. రెండిటినీ ఒకే చీటీలో రాయబాకండి. నా మనసు కోసం మూడు నెలలుగా చేస్తా ఉండారు, అది మారలా, మీ టైమే పోతాండాది. అది కొట్టేసి గొర్రెలని రాసుకోండి. ఇరవై మూడుండాయి. టీకా పట్టుకునేదానికి రెండు వారాలు పడతాదంట. ఆ రెండు వారాలకు చెయ్యండి, చాలు."

 వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు చీటీ వైపు, నా వైపు, పైకప్పు వైపు చూశారు. ముందు వరసలోంచి అవ్వ కర్ర నేలకు తాటించింది.

"నా మోకాళ్లకి చేసినారు కదా. గొర్రెకి నాలుగుండాయి. చెయ్యండయ్యా."

చేశారు. సంఘమంతా లేచి నిలబడి ఇరవై మూడు గొర్రెల కోసం కళ్లు మూసుకుంది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. అమ్మ కళ్లు మూసుకుని చాలా కోపంగా ప్రార్థన చేస్తోంది. నాయన కళ్లు తెరుచుకునే ఉన్నాడు, నేలకేసి చూస్తూ.

బుధవారం ఫస్టు బస్సు వెళ్లిపోయింది. నాయన వెళ్లలేదు. కానీ ఉత్తరం క్యాలెండరు వెనక లేదు, చూశాను. మధ్యాహ్నం బస్సుకు వెళతాడేమో, సంతకం తనే పెట్టేస్తాడేమో అని కూడా అనుకున్నాను. నా కాగితాల మీద సంతకం పెట్టడం నాకన్నా ఆయనకే బాగా అలవాటు, నా ప్రోగ్రెస్ కార్డుల నుంచి.

మూడింటికి నాయన, నేను గొర్రెలకు కంచె కట్టిన చేనుకు వచ్చాడు. ఆ మూడు నెలల్లో అక్కడికి రావడం అదే మొదటిసారి. ప్యాంటు వేసుకున్నాడు. జేబులోంచి ఉత్తరం మడత కనబడుతోంది. నీళ్ల సీసా నా చేతికిచ్చి, కంచె లోపల చొప్ప తింటున్న గొర్రెలను చాలాసేపు చూశాడు.

"టీకా అన్నిటికీ పడిందని ఎట్టా తెలుసు నీకు?"

"ఇరవై మూడు, వరసగా ఏసినారు నాయనా."

"అన్నీ ఒకటే మాదిరుండాయి. ఒకదానికి రెండుసార్లేసి ఇంకోదాన్ని వదిలేస్తే?"

నేను గొర్రెల్ని మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"గుర్తులు పెట్టుకోవాల. చెవి కత్తిరింపో, కొమ్మో, మచ్చో," అంటూ గట్టు మీద కూర్చున్నాడు. ఉత్తరం తీసి, తొడ మీద పరిచి, వెనక వైపు తిప్పాడు. పెన్నుతో నిలువు గీతలు గీశాడు, అడ్డ గీతలు గీశాడు. చేతికి అలవాటైన పని, స్కేలు అవసరం లేదు. హాజరు పట్టీ. "ఒక్కోదాన్నీ పట్టకరా," అన్నాడు.

పట్టుకొచ్చాను. నల్ల మూతిది. కుడి చెవి చీలినది. నుదుట తెల్ల చుక్కది. నాయన ఒక్కోదాన్ని, ఒకప్పుడు పిల్లల్ని చూసినట్టే అనుమానంగా చూసి రాసుకున్నాడు. పద్నాలుగోది తప్పించుకుని పోతే దాని వెనక చేనంతా పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి ఫోనులో ఆఫీసరు గారి మెసేజీ ఉంది, ఐదింటి దాకా సీట్లోనే ఉంటానని. నాయనకు చూపించాను. చదివి ఫోను తిరిగిచ్చాడు.

"పద్నాలుగు," అన్నాడు.

పదిహేనోదాన్ని పట్టుకొచ్చాను. ఇరవై మూడు పూర్తయ్యేసరికి ఐదున్నర. నాయన కాగితం మడిచి నాకిచ్చాడు, హాజరు పట్టీ పైకి వచ్చేటట్టు. "ఈసారి టీకా తేదీ దాటనీబాక," అని, ప్యాంటుకు అంటుకున్న చొప్ప దులుపుకుని ఇంటి దారి పట్టాడు. అప్పుడైనా నన్ను చూశాడా అంటే లేదు. మందలో ఒకదాని కుంటు చూసి, గిట్ట చూడమని చెప్పి పోయాడు.

రెండు వారాలూ గడిచాయి. మూడో వారం ఒకటి ఈనింది. ఆదివారం చీటీల్లో మొదటిది వర్షాలు, ఈసారి ఆగమని. రెండోది అవ్వ రెండో మోకాలు. మూడోది "మా ఇరవై నాలుగు గొర్రెలు." చేతిరాత వంకర్లు లేకుండా తిన్నగా ఉందట, అయ్యగారే చెప్పారు. చివర్లో సన్నగా "వాటిని కాచువానికి బుద్ధి కలుగునట్లు" అని కూడా ఉంది. అమ్మ అంత తేలిగ్గా ఫైలు మూసే మనిషి కాదు.